అవార్డులతో కాలేజీ సీటు వస్తుందా? ఏది ఎక్కడ పనికొస్తుంది, ఫారంలో ఎలా రాయాలి

షోకేసులో షీల్డులు, ఫైలు నిండా ప్లాస్టిక్ కవర్లకెక్కిన సర్టిఫికెట్లు, ఏదో ఆగస్టు 15న కలెక్టర్ చేతుల మీదుగా తీసుకున్న ప్రశంసాపత్రం. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు బాగా చదివే పిల్లలున్న ఇళ్లలో ఇవి ఉండనే ఉంటాయి. ఇంటర్‌లో చేరాక అమ్మానాన్నలు అడిగేది ఒకటే: వీటికి సీటొస్తుందా? చాలా కాలేజీల్లో రాదు. కొన్నిచోట్ల పనికొస్తాయి, అదీ మీరు ఫ్రేము కట్టించిన కాగితం కాకుండా అడుగున పడేసిన ఇంకోటి. ఏది ఎక్కడ ఎంత పనిచేస్తుందో తూచుకునే తీరు, తూచాక ఫారంలో ఎక్కించే తీరు ఇక్కడ వరసగా ఉన్నాయి. ఇది ముఖ్యంగా ఇంటర్ ఫస్టియర్ వారి కోసం. సెకండియర్‌లో ఉన్నవారు మొదటిది చదివి నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లినా నడుస్తుంది.

1. ఏ తలుపు తడుతున్నారో తేల్చుకోండి

మన వైపు ఎక్కువమంది వెళ్లేది ర్యాంకు దారిలో. ఆ దారిలో అవార్డుకు విలువ లేదు. తక్కువ అని కాదు, సున్నా. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో జేఈఈ ర్యాంకు, కేటగిరీ, మీరిచ్చిన ఆప్షన్ల వరస తప్ప కంప్యూటర్‌కు ఇంకేమీ కనిపించదు. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు హోం స్టేట్ కోటాలో తెలంగాణ వారికే ఉంటాయి. ఆ సగంలోనూ ర్యాంకే. కాకతీయ మెడికల్ కాలేజీకి నీట్ స్కోరే. ఈఏపీసెట్‌లో ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, 2023 నుంచి అదీ పోయింది. ఎన్‌సీసీ, క్రీడలు, సైనికుల పిల్లలు, దివ్యాంగుల కేటగిరీలు మాత్రం ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో విడిగా ఉన్నాయి. అంటే ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు ఉన్న విలువ వ్యాసరచన షీల్డుకు లేదు. బాసర ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులు చూస్తుంది. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివిన వారికి అదనపు స్కోరు కలుపుతుంది. ఆ లెక్కలోనూ అవార్డుల ఊసు లేదు.

ఈ దారిలోనే కొన్ని పక్క తలుపులున్నాయి. చాలామందికి తెలియవు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, బీమ్యాథ్ కోర్సులకు జాతీయ గణిత ఒలింపియాడ్‌లో, అంటే ఐఎన్ఎంఓలో, ఎంపికైన వారిని రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలిచే ఆనవాయితీ ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ స్థాయి వారిని ప్రత్యేకంగా చూస్తుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఒలింపియాడ్ శిబిరాల దాకా వెళ్లిన వారికి వేరే ఛానల్ ఉంది. ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి క్రీడాకారులకు, 2025–26 నుంచి కళాకారులకు, సైన్స్ ఒలింపియాడ్ వారికి జోసాతో పనిలేని కొద్ది సీట్లు పెట్టింది. ఐఐటీ కాన్పూర్ కూడా 2025–26లో ఒలింపియాడ్ దారి తెరిచింది. బిట్స్ పిలానీ ప్రతి బోర్డులో మొదటి స్థానం వచ్చిన వారికి నేరుగా సీటిచ్చే పద్ధతి ఎప్పటినుంచో నడుపుతోంది. ఇవన్నీ ఏటా నోటిఫికేషన్‌తో మారే నిబంధనలు. కిందటేడు ఎవరికో వచ్చిందని నమ్ముకోకుండా మీ ఏడాది నోటిఫికేషన్ తీసి చదవండి.

రెండో రకం అశోకా, ప్లాక్షా, క్రియా లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వీటిలో పరీక్షతో పాటు వ్యాసాలు, ఇంటర్వ్యూ ఉంటాయి. అవార్డు ఇక్కడ ఇంటర్వ్యూలో మాట కలపడానికి పనికొస్తుంది, ఆ మాట నిలబెట్టుకోవాల్సింది మీరే.

మూడోది విదేశం. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు పెట్టే ఉమ్మడి దరఖాస్తు యూకాస్ ఫారంలో అవార్డుల పెట్టే లేదు. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్‌ను, అంటే మీ గురించి మీరు రాసే వ్యాసాన్ని, మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మూడూ కలిపి 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. చదవబోయే సబ్జెక్టుకు సంబంధం ఉన్న బహుమతి అయితే అందులో ఒక వాక్యం పెట్టొచ్చు, సంబంధం లేనిది పెడితే అక్షరాలు దండగ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబరు 15 అని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.

అవార్డుల కోసం విడిగా చోటు ఉన్నది అమెరికా కాలేజీల ఫారంలోనే. ఇక నుంచి చెప్పేది ఎక్కువగా దాని గురించే.

2. అమెరికాలో కూడా అసలు బరువు ఎక్కడుందో చూడండి

అక్కడి కాలేజీలు చాలావరకు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం బయటపెడతాయి. గూగుల్‌లో కాలేజీ పేరు, ఈ మాట కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో సి7 అనే పట్టిక తీయండి. ఎంపికలో ఏది చాలా ముఖ్యం, ఏది ముఖ్యం, ఏది పరిశీలిస్తారు, ఏది అసలు చూడరు అని కాలేజీ తానే టిక్కులు పెట్టి ఉంటుంది. చదివిన కోర్సుల గట్టితనం, మార్కులు, తరగతిలో స్థానం, పరీక్ష స్కోర్లు, వ్యాసం, సిఫారసు లేఖలు, బయటి కార్యక్రమాలు, ప్రతిభ, నడవడిక: ఇవన్నీ వరసలుగా ఉంటాయి. అవార్డులు అనే వరస లేదు.

అంటే అవార్డుకు సొంత బరువు లేదు. అది ఇంకోదానికి సాక్ష్యంగా నిలబడుతుంది. మార్కులు బాగున్న పిల్లవాడికి గణితం నిజంగానే వచ్చా అన్న అనుమానం తీరుస్తుంది. రోబో చేశానన్న అమ్మాయి దాన్ని ఊరికే చెప్పడం లేదని చూపిస్తుంది. మార్కులే సరిగా లేని చోట సాక్షి ఎంత గట్టిగా మాట్లాడినా కేసు నిలవదు. మీరు వేయదలచుకున్న అయిదారు కాలేజీల సి7 పట్టికలు ముందు ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకోండి, గంట పని. ఆ గంట పెట్టని ఇంట్లోనే ఏడాదంతా సర్టిఫికెట్ల వేట నడుస్తుంది.

పరీక్ష స్కోర్ల సంగతి కూడా కాలేజీని బట్టి మారుతుంది. అక్కడి ప్రవేశ పరీక్ష అయిన శాట్‌ను ఎంఐటీ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్ 2024లో ఆ దారి పట్టాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం శాట్ ఇచ్చినా చూడదు. శాట్ అడిగే కాలేజీకి తక్కువ స్కోరు, పక్కన పది పతకాలు పంపితే వాళ్లకు ముందు కనబడేది ఆ స్కోరే.

3. కాగితాలన్నీ కుప్ప పోసి ఏరండి

ఒక ఆదివారం పెట్టుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి సర్టిఫికెట్, మెమో, పతకం తెచ్చి చాప మీద పెట్టండి. నోటుబుక్కులో అయిదు గళ్లు గీయండి: పేరు, ఏ తరగతిలో, పెట్టింది ఎవరు, ఎంతమందిలో ఎందరికి ఇచ్చారు, రుజువు ఉందా. నాలుగో గడి నింపలేకపోతే ఆ కాగితం దాదాపు పనికిరాదు.

అమెరికాలో చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఫారం తొమ్మిదో తరగతి నుంచి వచ్చిన చదువు గౌరవాలనే అడుగుతుంది. కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బహుమతులన్నీ అమ్మకిచ్చేయండి, ఆమె దాచుకుంటుంది. ఒక్క మినహాయింపు ఎన్ఎంఎంఎస్, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల ప్రతిభ గల పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. పరీక్ష రాసేది ఎనిమిదిలోనే అయినా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వస్తుంది కాబట్టి దాన్ని రాయొచ్చు, రాయాలి కూడా. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు, ఏడాదికి 3.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు మాత్రమే అది దక్కుతుంది. ఒక్క ముక్కలో మీ తెలివీ, మీ ఇంటి పరిస్థితీ రెండూ చెప్పే కాగితం ఇంకోటి దొరకదు. దీన్ని చిన్నతనంగా భావించి దాచేవారున్నారు, అది పొరపాటు.

ఇక తీసేయాల్సినవి. పాల్గొన్నందుకు ఇచ్చినవి. ఫీజు కట్టిన ప్రతివాడికీ ఏదో ఒక పతకం వచ్చేవి. ట్యూషన్ వాళ్లిచ్చిన ‘బెస్ట్ స్టూడెంట్’. కులసంఘం సన్మానంలో కప్పిన శాలువా, జ్ఞాపిక: గౌరవమే, కానీ పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినందుకు ఇచ్చారు కాబట్టి ఆ మార్కులు మెమోలో ఎలాగూ ఉన్నాయి. కాలేజీ ఫ్లెక్సీ మీద ఫొటో రావడం అవార్డు కాదు. గ్రాండ్ టెస్టులో వచ్చిన ‘ఆల్ ఇండియా ర్యాంకు’ ఆ విద్యాసంస్థ బ్రాంచీల లోపలి ర్యాంకు, అదీ పోతుంది.

ఇంత ఏరాక చాప మీద మిగిలేది సాధారణంగా మూడు నుంచి ఎనిమిది కాగితాలు.

4. మిగిలినవాటిని తూచండి

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిలోంచి ఎంపిక జరిగింది? ఎంపిక చేసినవారికి మీ దగ్గర డబ్బు తీసుకునే అవసరం ఉందా? మీరు చదవబోయే సబ్జెక్టుకు ఇది దగ్గరా దూరమా? మూడో ప్రశ్న ఎవరూ వేసుకోరు. కంప్యూటర్ సైన్స్ అడిగే పిల్లవాడికి జిల్లా స్థాయి ప్రోగ్రామింగ్ పోటీ, రాష్ట్ర స్థాయి సంస్కృత శ్లోక పోటీ కంటే ఎక్కువ అక్కరకొస్తుంది. శ్లోకం తీసేయమని కాదు, దాని చోటు కింద.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఐఎంఓ అనే మూడక్షరాలు రెండింటికి వాడుకలో ఉన్నాయి. ఒకటి దేశానికి ఆరుగురే వెళ్లే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్. రెండోది బడిలో ఫీజు కట్టి ఓఎంఆర్ షీటు మీద రాసే ప్రైవేటు పరీక్ష. రెండోదాంట్లో స్కూలు ఫస్టు వచ్చి ‘ఐఎంఓ గోల్డ్ మెడలిస్ట్’ అని రాస్తే, చదివే అధికారికి మొదటిది బాగా తెలుసు కాబట్టి, అబద్ధమాడారని అనుకుంటాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇలాంటి పతకాలకు సరిగ్గా సరిపోతుంది. ఆ పరీక్ష రాయాలనుకుంటే నిర్వాహక సంస్థ పేరుతో సహా పూర్తిగా రాయండి, స్థాయి దగ్గర ‘స్కూలు’ అని టిక్కు పెట్టండి. అంతకంటే మంచి పని, వదిలేయడం.

అసలు ఒలింపియాడ్ మెట్లు ఇలా ఉంటాయి. గణితంలో సెప్టెంబరులో ఐఓక్యూఎం: 30 ప్రశ్నలు, 3 గంటలు. అందులో నెగ్గితే ఆర్ఎంఓ: 6 లెక్కలు, పూర్తి నిరూపణలు. తర్వాత జనవరిలో ఐఎన్ఎంఓ. ఆపైన శిక్షణ శిబిరం, చివరికి ఆరుగురి జట్టు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఆస్ట్రానమీలకు ఫిజిక్స్ టీచర్ల సంఘమైన ఐఏపీటీ నవంబరులో ఎన్ఎస్ఈ పరీక్షలు పెడుతుంది. తర్వాతి దశలు ముంబయిలోని హోమీ భాభా కేంద్రం చూసుకుంటుంది. ఎన్ఎస్ఈలో మూడు రకాల సర్టిఫికెట్లు వస్తాయి: సెంటర్‌లో మొదటి పదిశాతం, రాష్ట్రంలో మొదటి ఒకశాతం, దేశంలో మొదటి ఒకశాతం. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బరువులో ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. మీ సెంటర్‌లో 20 మంది రాస్తే అందులో పదిశాతం అంటే ఇద్దరు. దాన్ని జాతీయ స్థాయి అని టిక్కు పెట్టే తప్పు చాలామంది చేస్తారు, పరీక్ష పేరులో ‘నేషనల్’ ఉంది కదా అని.

కేంద్ర ప్రభుత్వ సైన్స్ పోటీ ఇన్‌స్పైర్ మానక్ తీసుకోండి. బడి నుంచి ఆలోచన పంపి ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. అక్కడి నుంచి జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, జాతీయ ప్రదర్శన. డబ్బు వచ్చిందంటే మొదటి మెట్టు ఎక్కారని మాత్రమే. జిల్లా దాటి రాష్ట్రానికి ఎంపికైతే అది ఫారంలో రాయనిచ్చే అయిదింటిలో ఉండాల్సిన కాగితం. ములుగు దగ్గరి ప్రభుత్వ బడి పిల్లవాడు వరి పొలంలో కూలీల నడుం నొప్పి తగ్గించే పనిముట్టు చేసి రాష్ట్రం దాకా వెళ్తే, నగరంలో ఫీజు కట్టి కొన్న మూడు ‘ఇంటర్నేషనల్’ పతకాలు దాని ముందు తూగవు. చదివేవారికి ఆ పిల్లవాడు ఏం చేశాడో కళ్లకు కడుతుంది.

ఒకప్పటి జాతీయ ప్రతిభా పరీక్షలు ఎన్‌టీఎస్‌ఈ, కేవీపీవై ఇప్పుడు జరగడం లేదు. ఇంకా వాటికి కోచింగ్ ఇస్తామనేవారు కనబడితే పక్కకు తప్పుకోండి.

ఇంటర్ మార్కుల మాట. ఎంపీసీలో రెండేళ్లూ కలిపి వెయ్యి. ఇందులో 980 రావడం అవార్డు కాదు, మన దగ్గర అదంత అరుదూ కాదు. మార్కులకు వేరే చోటుంది, అక్కడే ఉండనివ్వండి. ‘స్టేట్ ఫస్ట్’ అని కాలేజీ పత్రికల్లో ప్రకటన ఇచ్చినా, బోర్డు ఇచ్చిన కాగితం చేతిలో లేకపోతే ఆ మాట ఫారంలో రాయకండి.

5. అయిదు ఎంచి, వంద అక్షరాల్లో రాయండి

కామన్ యాప్‌లో గౌరవాల కింద అయిదు గళ్లే ఉంటాయి. ఒక్కోదానికి 100 అక్షరాలు, ఖాళీలతో కలిపి. పక్కన ఏ తరగతి, ఏ స్థాయి అని టిక్కులు. బరువైనది పైన. తేదీల వరసలో పెట్టే అలవాటు మానుకోండి, చదివేవారు పై రెండూ చూసి కిందకు జారిపోతారు. నాలుగే ఉంటే నాలుగే రాయండి. అయిదో గడి నింపడానికి నాసిరకం తెచ్చిపెడితే పై నాలుగు కూడా పలచబడతాయి.

ఆటలు, పాటలు, నాట్యంలో వచ్చినవి ఈ గళ్లలో కాదు, కార్యక్రమాల భాగంలో. అక్కడ పది గళ్లుంటాయి, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. ప్రాజెక్టు కోసం రెండేళ్లు పనిచేసి దానికి బహుమతి వస్తే, పని కార్యక్రమాల్లో, బహుమతి గౌరవాల్లో. రెండుచోట్లా ఒకే వాక్యం వాడకండి.

స్థాయి టిక్కుల్లో స్కూలు, రాష్ట్రం లేదా ప్రాంతం, జాతీయ, అంతర్జాతీయ అని నాలుగే ఉన్నాయి. జిల్లా లేదు. హనుమకొండ జిల్లా మొదటి బహుమతికి ‘రాష్ట్రం లేదా ప్రాంతం’ టిక్కు పెట్టి, పేరులో జిల్లా అన్న మాట తప్పకుండా రాయండి. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు. మండల స్థాయిది ఇక్కడ ఇరికించకండి, కార్యక్రమాల వివరణలో సగం వాక్యంగా సరిపోతుంది.

వాక్యం కట్టే తీరు: ఏమిటి, ఎంతమందిలో, దేనికి. ఫారంలో ఇంగ్లిషులోనే రాయాలి, ఇక్కడ తెలుగులో చూపిస్తున్నాం. ‘ఇన్‌స్పైర్ అవార్డు విజేత’ అని రాస్తే చదివేవారికి ఏమీ అర్థం కాదు. ‘ఇన్‌స్పైర్ మానక్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ పోటీ): వరి నాట్ల పనిముట్టుకు జిల్లా నుంచి రాష్ట్రానికి ఎంపిక’ అంటే అర్థమవుతుంది. ‘మ్యాథ్స్ ఒలింపియాడ్ క్వాలిఫైడ్’ కన్నా ‘ఐఓక్యూఎం నెగ్గి ఆర్ఎంఓకు ఎంపిక, భారత గణిత ఒలింపియాడ్ రెండో దశ’ మేలు. అంకె దొరికితే పెట్టండి, అది నిర్వాహకుల వెబ్‌సైటులోనో సర్టిఫికెట్ మీదో ఉన్న అంకె అయ్యుండాలి. మీ సార్ సుమారుగా చెప్పింది పనికిరాదు.

లక్షలు, కోట్లు అక్కడివారికి తెలియవు. 4 లక్షలను 400,000 అని రాయండి. మండలం, గురుకులం, ఎస్‌ఎస్‌సీ, ఐపీఈ లాంటి మాటలు విప్పి చెప్పండి. రాసిన అయిదూ మీ సంగతి తెలియని పక్కింటి డిగ్రీ అక్కకో అన్నకో చూపించండి. వాళ్లు ‘ఇదేంటి?’ అని అడిగిన ప్రతిచోటా తిరిగి రాయాలి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఫారం వేరు. అవార్డులు, కార్యక్రమాలు, ఉద్యోగం అన్నీ కలిపి 20 దాకా రాయొచ్చు. వివరణకు 350 అక్షరాలు ఉంటాయి కాబట్టి ఎంపిక ఎలా జరిగిందో అక్కడ విప్పి చెప్పే వీలుంది. గడువు మామూలుగా నవంబరు 30.

6. గళ్లు ఖాళీగా ఉంటే

ఖాళీగా వదిలేయండి. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు నడిచే రెసిడెన్షియల్ కాలేజీలో పోటీలకు పంపరని, చాలా కాలేజీలు ఎన్ఎస్ఈ సెంటర్లే కావని చదివేవారికి ఎవరైనా చెబితే అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. చెప్పాల్సింది ఎక్కువగా మీరు కాదు, మీ ప్రిన్సిపాల్. అది తర్వాతి మెట్టు.

అవార్డు లేని పనికి కూడా కార్యక్రమాల్లో చోటుంది. నాన్నతో కలిసి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లి తూకం, ధర, కమీషన్ లెక్కలు చూసుకోవడం, తమ్ముడికి, పక్కింటి పిల్లలకు రోజూ సాయంత్రం లెక్కలు చెప్పడం, కిరాణా కొట్లో కూర్చోవడం: వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని ఫారమే అడుగుతుంది. నిజమైన అంకెలు రాయండి. వారానికి 40 గంటల కార్యక్రమాలు రాసి, పక్కనే రోజుకు 14 గంటల కాలేజీ అని ప్రిన్సిపాల్ రాస్తే లెక్క కుదరదు.

7. ప్రిన్సిపాల్, లెక్చరర్ల చేతికి ఏం ఇవ్వాలి

అమెరికా ఫారం ప్రకారం బడిలో ‘కౌన్సెలర్’ అనే వ్యక్తి ఉంటారు. మన ఇంటర్ కాలేజీల్లో ఆ ఉద్యోగం లేదు కాబట్టి ప్రిన్సిపాల్ సారో మేడమో ఆ పాత్ర తీసుకోవాలి. ఆయన మూడు పనులు చేయాలి: స్కూల్ రిపోర్టు, స్కూల్ ప్రొఫైల్, ఒక లేఖ. వీటితో పాటు లెక్చరర్ల లేఖలు ఒకటో రెండో. అందరికీ మెయిల్ ఐడీలు కావాలి. కాలేజీ పేరుతో ఉన్న ఐడీ అయితే మంచిది.

స్కూల్ ప్రొఫైల్ అంటే ఒకటి రెండు పేజీల కాగితం. దీన్ని మీరే ముసాయిదా రాసి ఇవ్వండి, సార్ దిద్ది సంతకం పెడతారు. అందులో ఉండాల్సినవి: కాలేజీలో ఎంతమంది పిల్లలు, ఏ మీడియం, ఏ గ్రూపులు, ఎంపీసీలో సబ్జెక్టులు బోర్డు నిర్ణయించినవే, విద్యార్థి ఎంచుకునే అడ్వాన్స్‌డ్ కోర్సులేవీ ఉండవని, మార్కులు వెయ్యికి ఎలా లెక్కిస్తారో, ఒలింపియాడ్ సెంటర్ ఉందా లేదా, పోటీలకు పంపే ఏర్పాటు ఉందా. ఈ చివరి రెండు వాక్యాలే మీ అయిదు గళ్లకు, ఖాళీ గళ్లకు కూడా, అర్థం చెబుతాయి. సొంతంగా సెంటర్ వెతుక్కుని, వేరే ఊరు బస్సెక్కి వెళ్లి ఎన్ఎస్ఈ రాశారనుకోండి, సెంటర్ మొదటి పదిశాతం కాగితానికి కూడా అప్పుడు కొత్త బరువొస్తుంది.

లెక్చరర్‌కు ఒక పేజీ ఇవ్వండి. ‘చాలా తెలివైన, క్రమశిక్షణ గల విద్యార్థి’ అని నలభై మందికీ ఒకే లేఖ రాసిచ్చే అలవాటు మన కాలేజీల్లో ఉంది. తప్పు ఆయనది కాదు, ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. మీ పేజీలో ఆయన క్లాసులో జరిగిన రెండు మూడు సంగతులు రాయండి: ఏ లెక్క దగ్గర అడ్డుపడి వేరే దారి చూపారు, ల్యాబులో ఏ ప్రయోగం తిరిగి చేశారు, ఏ పోటీకి ఎలా చదివారు. అవార్డు పేరు లేఖలో మళ్లీ రాయక్కర్లేదని, దాని వెనక చూసింది రాయమని వినయంగా చెప్పండి. గడువుకు ఆరు వారాల ముందు అడగండి. దసరా సెలవుల్లో కాలేజీ మూతపడి, ముందస్తు దరఖాస్తులకు ఉండే నవంబరు 1 గడువు దాటిపోవడం మామూలుగా జరిగే ప్రమాదం.

మధ్య సంవత్సరపు మార్కులు అడిగితే అర్ధసంవత్సర పరీక్షలవో ప్రీఫైనల్‌వో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఇప్పించాలి. ఆ రిజిస్టరు మీ కాలేజీలో ఉంచుతారో లేదో ఇప్పుడే కనుక్కోండి.

8. ఫస్టియర్‌లో ఉంటే ఏడాది ఇలా పంచుకోండి

జూన్‌లో చేరగానే ఐఓక్యూఎం, ఎన్ఎస్ఈల నోటిఫికేషన్ల కోసం చూడటం మొదలుపెట్టండి. మీ కాలేజీ సెంటర్ కాకపోతే దగ్గర్లో ఏది సెంటరో వెతికి నమోదు చేసుకోవాలి, గడువు దాటాక ఎవరూ తెరవరు. రెండూ రాయడం కంటే ఒకటి ఎంచుకోవడం మేలు. గణితం మీద నిజంగా ఇష్టముంటే వారానికి అయిదారు గంటలు ఐఓక్యూఎంకు ఇవ్వండి. నంబర్ థియరీ, కాంబినటోరిక్స్ జేఈఈ సిలబస్‌లో ఆ లోతున ఉండవు కాబట్టి అది అదనపు చదువే. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎన్ఎస్ఈలు జేఈఈ చదువుకు చాలా దగ్గర. జేఈఈ కూడా రాసేవారు అటు మొగ్గడం తెలివి.

ఏ ఒలింపియాడూ వద్దనుకుంటే ఒక ప్రాజెక్టు పట్టుకుని ఏడాదంతా దాని మీదే ఉండండి. వరంగల్ హంటర్ రోడ్డులోని రీజనల్ సైన్స్ సెంటర్ ఒకసారి చూసి రండి. ఫీజు కడితే ఆరు వారాల్లో పరిశోధనా పత్రం అచ్చు వేయిస్తామనే కన్సల్టెన్సీల జోలికి పోకండి. అలాంటి పత్రికలను గుర్తుపట్టడం ఎంపిక చేసేవారికి కొత్త కాదు. ఇంటర్వ్యూలో ‘ఈ గ్రాఫు ఎలా వేశావు?’ అంటే జవాబు ఉండదు.

మార్చి ఇంటర్ పరీక్షలు అయ్యాక వేసవిలో శాట్, వ్యాసాల చిత్తుప్రతి. వ్యాసం 650 పదాలకు మించదు. అందులో అవార్డుల జాబితా తిరగరాయడం కన్నా పెద్ద దండగ లేదు.

డబ్బు సంగతి వేసవిలోనే ఇంట్లో మాట్లాడుకోండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్ లాంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది ఎంపికలో చూడవు, మిగతావాటిలో ఎక్కువ చూస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్, జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధులు పీజీ, ఆపై చదువులకే గానీ డిగ్రీకి కావు. ఈ సంగతి తెలియక లెక్కలేసుకునే ఇళ్లున్నాయి.

9. పంపే ముందు, పంపాక

పేర్లు సరిచూడండి. మన ఎస్‌ఎస్‌సీ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, బహుమతి సర్టిఫికెట్ మీద ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. సర్టిఫికెట్ మీద స్పెల్లింగు బాగా తేడాగా ఉంటే నిర్వాహకులతో ఇప్పుడే దిద్దించుకోండి, లేదంటే రెండు పేర్లూ ఒకరివేనని ప్రిన్సిపాల్‌తో ఒక కాగితం రాయించి పెట్టుకోండి. తెలుగులో ఉన్న ప్రశంసాపత్రానికి ఇంగ్లిషు అనువాదం టైపు చేయించి కాలేజీ ముద్ర వేయించండి. కామన్ యాప్ గౌరవాలకు సర్టిఫికెట్లు జత చేయమనదు. స్కాన్లు మీ దగ్గర ఉంటే చాలు, అడిగినప్పుడు చూపాలి. అడగకుండా ముప్పై పేజీల పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు.

అబద్ధం రాస్తే సీటొచ్చాక కూడా వెనక్కి తీసుకుంటారు. రెండో స్థానాన్ని మొదటిదిగా, జిల్లాను రాష్ట్రంగా ‘కొంచెం’ పెంచడం కూడా అబద్ధమే. ప్రిన్సిపాల్ లేఖలో ఒకటి, మీ గడిలో ఇంకోటి ఉంటే అక్కడే పట్టుబడతారు.

దరఖాస్తు పంపాక ఆ కాలేజీకి వెళ్లిన కాపీలో గళ్లు మార్చలేరు. సెకండియర్‌లో రాసిన ఎన్ఎస్ఈ ఫలితం, జనవరి ఐఎన్ఎంఓ ఫలితం తర్వాత వస్తే ఆయా కాలేజీ పోర్టల్‌లోకి లాగిన్ అయి అప్‌డేట్ పంపాలి. నాలుగు వాక్యాలు చాలు: ఏం వచ్చింది, ఎంతమందిలో, ఫలితం ఎక్కడ చూడొచ్చు, దరఖాస్తు నంబరు. అప్పుడు ఇంటర్ ప్రాక్టికల్స్ నడుస్తుంటాయి, హాస్టల్‌లో ఫోన్ ఉండదు. పోర్టల్ పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, ఆ మెయిల్ చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించి వెళ్లండి.